అద్దం పెంక కింద ఉడుము

నవ్వుండ్రి డాక్టర్ సాబ్, నవ్వుండ్రి. అందరు బర్లను తోలుకొచ్చిండ్రు, మ్యాకలను ఎత్తుకొచ్చిండ్రు, నేనేమో సంచిల ఉడుమును పట్టుకొచ్చిన. మీ కాంపౌండర్ అయితే "కూరకా సారూ, చూపిచ్చెటందుకా?" అన్నడు. చిట్టి మీద 'జగన్మోహన్‌రావు, ఆవుదూడ' అని రాసిండు. ఉడుమని రాస్తే జంగ్లాతోళ్ళు, అదే ఫారెస్టోళ్ళు, వస్తరట!

జర సంచి మూతి తియ్యుండ్రి. ఫికర్ లేదు, కరవది. కరిచేటట్టుంటే నేనెందుకొస్త? దవడ రబ్బరు లెక్క మెత్తగైంది.

పోయిన నెల మీరు చెప్పినయన్ని చేసిన. కాల్షియం గోలీలు నూరి గుడ్డుల కలిపిన. పసిపిల్లలకు పోసే విటమిన్ చుక్కలు పోసిన. "మనుమడికా సారూ?" అన్నడు మందుల దుకాణపాయన. ఔనన్న. ఉడుముకంటే ఇస్తడా?

తింటుందా అంటరా? మొదట్ల తిన్నది. ఇప్పుడు నోట్లె పోస్తే పక్కకెల్లి కారిపోతుంది.

అసలు ఇది నా దగ్గరికెట్ల వచ్చిందో చెప్పలే గద. మా జీతగాడు ముత్యం చేనుకాడ పట్టిండు. దాని తోకనే దాని మెడకు చుట్టి భుజానికి తగిలిచ్చుకొచ్చిండు. మూరెడు పిల్ల. వాడు కత్తి నూరుతుండు, ఇది నన్ను చూస్తుంది. హైద్రాబాదుల బీయెస్సీ చదివేటప్పుడు కప్పలను కోసిన చేతులే సాబ్ ఇవి. అయినా ఏమైందో ఏమో, "నాకియ్యి ముత్యం" అన్న. ఇచ్చిండు. కాని ఆశ చావలే వానికి. కనపడ్డప్పుడల్ల అదే మాట: "దొరా, బలిసిందా? ఎప్పుడు కోద్దాం?"

అందుకే బయట కట్టెయ్యలే. ఇంట్ల ముత్యం, బాట మీద జంగ్లాతోళ్ళు. పత్తి పోసే అర్రల దాచిన. దానికి కిటికీ లేదు. వెచ్చదనానికి నూరు వాట్ల బుగ్గ పెట్టిన. ఎండకోసం కప్పు మీది గూనపెంకల నడుమ ఒక అద్దం పెంక ఏపిచ్చిన, జమ్మికుంట నుంచి తెప్పిచ్చి.

అప్పుడు చూడాల్సింది దీన్ని! నేల మీద ఎండముక్క ఎటు జరిగితే ఇది అటు జరిగేది, పొద్దుగూకేదాక. నేను కుర్చీ ఏసుకొని చూసేటోన్ని. "ఇద్దరికి ఒకటే పని" అని మా ఇంటామె ఇందిర తిట్టేది.

గా అద్దమే కొంప ముంచిందన్నరు మీరు. వెలుగొస్తది, వేడొస్తది, ఒంట్లె బొక్కలను గట్టిచేసేది మాత్రం అద్దం దాటి రాదన్నరు. నాకు తెల్వదా సాబ్? అల్ట్రావయొలెట్‌కు మామూలు గాజు అడ్డం, స్ఫటికం కావాలె అని పరీక్షల రాసినోన్ని. మార్కులు కూడ వచ్చినై. పెంక ఏపిచ్చేనాడు యాదికి రాలే.

ఇంకోటి చెప్తే కోపం చెయ్యద్దు. గొంతుల ఇరుక్కుంటయని మాంసంల బొక్కలన్ని ఏరేసి పెట్టిన. గుడ్డు సుత పెంకు ఒలిచి పెట్టిన. అడివిల దానికి ఎవరు ఒలిచి పెడ్తరు? ఎలుకను బొక్కలతోనే మింగే జీవి!

మీ మాట విని ఇంటికి పోయిన్నాడే అద్దం పెంక తీపిచ్చిన. తెల్లారి ముసురు పట్టింది, ఇయ్యాల్టిదాక ఇడువలే. శ్రావణం గద. ఎండకు బదులు అర్రల వాన కారుతుంది. బుగ్గ ఏద్దమంటే కరెంటు లేదు.

ఉడుంపట్టు అంటరు గద లోకంల? నిన్న దీన్ని గోడకు పెట్టి చూసిన. జారింది. నా అంగీకి పెట్టుకున్న. అక్కడికెల్లి సుత జారింది.

ఏమంటరు? సూదా? మళ్ళ లేవకుండ నిద్రపోయే సూది... ఊఁ. ఆగుండ్రి జర.

ఇయ్యాల పొద్దున ముత్యం వచ్చిండు. నేనే పిలిపిచ్చిన. గట్ల చూడకుండ్రి సాబ్. ఇది పడే బాధ చూడలేక, వాని చేతుల ఒక్క దెబ్బకు పోతది అనుకున్న. "తీస్కపో" అన్న. వాడు అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, కాలు పట్టి వంచి చూసిండు, మళ్ళ నా చేతులనే పెట్టిండు.

"దీంట్ల బలమేముంది దొరా? ఎవడు తింటడు?"

అంతే సాబ్. వాని కత్తికెల్లి గిట్ల కాపాడిన నేను.

సరే, ఎయ్యుండ్రి. ఇక్కడ కాదు, కప్పు కింద వద్దు. బయట మెట్ల మీద ఎయ్యుండ్రి. ఏంది, మొగులు పట్టింది, ఎండ లేదంటరా?

లేకుంటే లేకపాయె. నడుమ అద్దమైతే లేదు గద.