ఇంకెవరి మందు వాడుతున్నారు? – డాక్టర్ వాగ్దేవి గారికి అభినందన

1996 జూన్ పదవ తేదీన మొఘల్‌పురా ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో వైద్యాధికారిణిగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ వాగ్దేవి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. ఇది విచారించవలసిన సందర్భమని అందరూ అంటున్నా, మాకు మాత్రం పండుగలా ఉంది. కారణం చివరన మనవి చేస్తాం.

తొలి రోజుల్లో ఆమెకు గ్రంథాలే లోకం. పక్క గల్లీలో యునానీ వైద్యం చేసే హకీం మొయిజుద్దీన్ గారికీ ఆమెకూ నడుమ నమస్కారం, సలామ్ తప్ప మరో మాట ఉండేది కాదు. ఎవరి శాస్త్రం వారిది, ఎవరి గర్వం వారిది.

ఆ దూరాన్ని చెరిపేసినవారు చాంద్రాయణగుట్టలో పాలవ్యాపారం చేసే పుష్పమ్మ గారు. మోకాళ్ల నొప్పులకు మన దగ్గర చూర్ణం తీసుకుంటున్న ఆమె, ఒకనాడు కళ్లు పచ్చబడి, గోడ పట్టుకొని లోపలికి వచ్చారు. వాగ్దేవి గారు వెంటనే మందుల చీటీ తీసి చూశారు. ఇచ్చిన మందు సరైనదే, మోతాదూ సరైనదే!

"ఇంకెవరి మందన్న వాడుతున్నవా అమ్మా?" అని ఆనాడే మొదటిసారి అడిగారు.

"హకీం సాబ్ గోలీలు గూడ ఏసుకుంటున్న. మీరు గుస్సా అయితరని చెప్పలే మేడమ్."

మేడమ్ ఉన్నపళంగా హకీం గారి గుమ్మం ఎక్కారు. ఆరా తీస్తే ఇద్దరి మందుల్లోనూ ఒకే వేరు, అంటే మోతాదు రెట్టింపైందన్నమాట! రెండూ ఆపించి, పుష్పమ్మ గారిని పెద్దాసుపత్రికి పంపి, ఆమె కోలుకునేదాకా ఇద్దరు వైద్యులూ ఒకే ఆటోలో వెళ్లి చూసివచ్చారు.

ఆ పిమ్మట ఆయుర్వేద, యునానీ, హోమియో వైద్యులను ఒకే చాయ్ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వికటించిన మందు గురించి ముందు, ఫలించిన మందు గురించి తరువాత చెప్పాలన్న నియమం పెట్టిన ఘనత ఆమెది. కాలక్రమంలో ఆ బల్ల వాట్సాప్‌లోకి మారింది. ఎవరైనా అద్భుత చికిత్స అంటూ ఏదో ఫార్వర్డ్ చేస్తే చాలు, "మీరు చూసిన పేషెంటా, విన్న ముచ్చటా?" అని మేడమ్ నిలదీసేవారు, ఇక రోజంతా లొల్లే. తాను వెళ్లిపోయాక ఈ అడిగే అలవాటు నిలుస్తుందా అన్నదొక్కటే కొంతకాలంగా ఆమె బెంగ.

పోయిన మంగళవారం ఆ బెంగ తీరింది. మోకాలి నొప్పికి తైలం కావాలని మేడమ్ స్వయంగా, కొత్తగా చేరిన డాక్టర్ మాన్య గారిని అడిగారు. మాన్య గారు సీసా అందుకోబోయి ఆగారు.

"ఇంకెవరి మందు వాడుతున్నరు మేడమ్?"

మేడమ్ కిటికీవైపు చూశారు. మాన్య గారు ఊరుకుంటారా? ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, "హకీం సాబ్, మా మేడమ్‌కు ఏమన్న ఇచ్చిండ్రా?" అన్నారు.

"హా బేటీ, గోలీలు ఇచ్చిన. నీకు చెప్పలేదా ఏంది?"

"నువ్వు గుస్సా అయితవని చెప్పలే," అన్నారు మేడమ్, చిన్నపిల్లలా తల వంచుకొని. ఓపీ అంతా నవ్వులతో దద్దరిల్లింది. ఆ నవ్వుల మధ్య ఆమె కళ్లు తుడుచుకొని, "ఇగ నాకేం ఫికర్ లేదు," అన్నారు. మా పండుగకు కారణం ఇదే.

వాగ్దేవి గారు ఆయురారోగ్యాలతో, కుటుంబసభ్యుల నడుమ నిండు నూరేళ్లు సంతోషంగా జీవించాలని మా అందరి ఆకాంక్ష. ఏ వైద్యుని మందు వాడినా తక్కిన వైద్యులకు చెప్పి వాడాలని మా అందరి ఆజ్ఞ.

– రామ్‌చందర్, ఫార్మసిస్టు