అమ్ము క్వార్టెట్‌కి రాజీ పంచాయితీ

హిందీ రాష్ట్రంలోని ఉక్కు ఫ్యాక్టరీ ఊరు ఖుర్సీపార్‌లో తెలుగు సంఘం హాలు, గురువారం సాయంత్రం. జాజ్ రిహార్సల్‌ని మధ్యలో ఆపించిన కార్యదర్శి నరసింగరావు, బేసు వాయించే అమ్మునీ, డ్రమ్ముల చినబాబునీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తలుపు వేశారు.

"ముందు టీ తాగండి. తాగేక తప్పెవరిదో సెప్పండి."

"తప్పేటి బాబాయ్? మేం పాట వాయిస్తన్నాం."

"మొదటి ఇరవై నిమిషాలు పాటేనమ్మా, కాదన్లేదు. నీ బేసు దుమ్ దుమ్మని నడుస్తుంటే మా వాసుదేవరావు కాలాడించేడు. మోకాలు మార్పించుకున్నాక ఆ కాలు ఆడడం ఇదే మొదలు. తగువొచ్చింది ఆ తర్వాతే."

"తగువు కాదు. దాన్ని ఫ్రీ అంటారు. ముందు తాళంలో వాయిస్తాం. తర్వాత తాళం వదిలేసి, ఎవరికి తోచింది వాళ్లు, ఒకరినొకరు వింటూ..."

"విన్నదెవరమ్మా? ఆ శ్యామసుందర్ శాక్సఫోను మిల్లులో ప్రమాదం సైరన్‌లా కూసింది. ముందు వరసలో రిటైరైనోళ్లు లేచి, బయట వేపచెట్టు కింద లైన్లో నిలబడి, హాజరు కూడా వేసుకున్నారు. పన్నెండు మందికి ఒకడు తక్కువొచ్చేడు."

"అయ్యో! ఎవరు?"

"ఉన్నాడులే. బాత్రూంలో ఉన్నాడు."

"బాబాయ్, శనివారం స్టేజీ ఇస్తారా, ఇవ్వరా? అదొక్కటి చెప్పండి. కోల్‌కతా నుంచి జాజ్ ఫెస్టివల్ వాళ్లు మమ్మల్ని వినడానికి వస్తన్నారు. ఆ రోజు స్టేజీ లేకపోతే మా పని ఖతం."

"రాజీ అయితేనే స్టేజీ. దెబ్బలాడుకునేవోళ్లని ఎక్కిస్తే రేపు సంఘానికి మాటొస్తాది. ఏరా చినబాబూ, నువ్వు సెప్పు. ఎందుకలా బాదేవు?"

"దీదీ చెప్పింది కదా అంకుల్. ఫ్రీ."

"నేను రోలింగు మిల్లులో ముప్పై నాలుగేళ్లు బేరింగుల కాడ సెవి పెట్టి బతికినోణ్ణిరా. బేరింగు పోయేముందు ఒక రకం సప్పుడు సేస్తాది. నీది అదే సప్పుడు. పోతన్నావా?"

"చినబాబూ, చెప్పరా! బాబాయ్ ఊరికే అంటన్నారు. కదా? అరే, బోల్ నా, చెప్పు!"

"శనివారం షో అయ్యాక మానేద్దామనుకుంటన్నాను దీదీ."

"క్యా?"

"నాలుగేళ్లయింది. వందన దీదీ కీబోర్డుకి సోలో ఉంది. శ్యామ్ భయ్యాకుంది. నీ బేసుకి రెండున్నాయి. నాకేదీ?"

"నీకు ఫ్రీ పార్టు మొత్తం ఉంది కదరా!"

"అది అందరికీ ఉంది."

"మరి దాంట్లో అంత బాగా వాయించేవాడివి! అంత ఆవేశం, అంత..."

"నీ మొహం చూస్తా వాయించేవాణ్ణి. అంతే."

"మొన్న దీపావళి షోలో నీ డ్రమ్ముల పక్కన సింబల్ స్టాండు పడిపోయింది. అందరం ఏం ఐడియా రా అనుకున్నాం."

"పడిపోలేదు. తన్నాను."

"నేనది ప్రతి షోలోనూ పెట్టించాను కదరా!"

"ప్రతి షోలోనూ తన్నాను."

"చినబాబూ... నాదే తప్పురా. నాలుగేళ్లు పక్కనే ఉండి వినలేదు నేను. ఇంటికెళ్లగానే నీకు సోలో పెట్టి..."

"ఆగమ్మా, ఆగు. చినబాబూ, నువ్వు బయటికెళ్లు."

"రాజీ అయిపోయిందా అంకుల్?"

"అవలేదు. ఎల్లు. తలుపేసుకుని ఎల్లు."

"సరే."

"ఆపేరేటి బాబాయ్? సారీ చెప్తుంటే ఆపేరేటి? రాజీ అయితే స్టేజీ ఇస్తానన్నది మీరే కదా."

"ఇచ్చేను. స్టేజీ నీదే."

"మరి వాణ్ణి పిలవండి. పాపం మొహం చూశారా? ఇప్పుడే చెప్పేస్తాను."

"ఇప్పుడు సెప్తే ఆడు సల్లబడిపోతాడు. సల్లబడితే శనివారం కోల్‌కతావోళ్లకి ఏటి వినిపిస్తావు?"

"అంటే... మీకు నచ్చిందా?"

"నచ్చడం సంగతి తర్వాత. సారీ మటుకు ఆదివారం సెప్పు."