రత్నావతి గారు కూడా విన్నారు

క్రమశిక్షణ సంఘంలో కూర్చున్న పెద్దలారా, ముందు మీ సంగతే. 1993 మార్చి ఒకటో తేదీన మన కళాశాల బాలికల వసతిగృహ పర్యవేక్షకురాలిగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీమతి రత్నావతి గారికి మీరు శాలువా కొన్నారు, దండ పురమాయించారు, జ్ఞాపిక మీద పేరు చెక్కించారు. ఆమె మీ ముందు నిలబడి చెప్పిన మాటను మాత్రం రెండేళ్లుగా మింగి కూర్చున్నారు. మీరు మింగిన ఆ మాట వల్ల ఒక ఆడపిల్ల వైద్యవిద్య గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఈ సంచికలో తెలుగు పుటలు ఉద్యోగుల సంఘానికి వదిలారు గనుక ఆ మాట ఇక్కడే అచ్చవుతుంది. పొగడ్తలు కావలసినవారు మిగతా పుటలు తిప్పుకోవచ్చు.

హుటాన్ మెలింటాంగ్ అనే రేవు పల్లెలో పడవలు బాగుచేసే ఇంట పుట్టిన రత్నావతి గారు, పెళ్లయిన కొన్నాళ్లకే భర్తను పోగొట్టుకుని, ఒక సంచీతో మన రేవు పట్టణం పోర్ట్ క్లాంగ్‌లో బస్సు దిగారు. వసతిగృహం అప్పటికి కొత్తది. కిటికీ తెరిస్తే రేవు క్రేన్ల దీపాలు పిల్లల మంచాల మీద పడేవి. మన ఇళ్లలో అక్కను అప్ప అంటాం కదా, తెలుగు పిల్లలు మొదటిరోజే ఆమెను "అప్పా" అని పిలిచారు. తమిళ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"అయ్యో, మాకు అప్పా అంటే నాన్న!"

"అయితే నాన్ననే. ఏటి, మీసం లేదనా?" అన్నారామె.

ఆ రోజు నుంచి మలయ్ పిల్లలకూ చైనా పిల్లలకూ కూడా ఆమె అప్పే. తొంభై ఏడులో అడవుల మంటల పొగ ఊరంతా కమ్మి ఊపిరాడనప్పుడు, తడి తువ్వాళ్లు కిటికీలకు కట్టి, ఆయాసం ఉన్న పిల్లల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నదీ, మహమ్మారి కాలంలో దేశం తలుపులు మూసుకుంటే ఇళ్లకు వెళ్లలేక చిక్కుకుపోయిన పిల్లలకు తానే వండి వడ్డించినదీ ఆమే. ఇవన్నీ మీ ఉపన్యాసాల్లో వస్తాయి. రానిది చెప్పుకుందాం.

ప్రతి సాయంత్రం దీపాలు పెట్టే వేళ మూడో అంతస్తు నడవలో పిల్లలు వరసగా నిలబడతారు. రత్నావతి గారు పేర్లు చదువుతారు. పిల్లలు "అడా" అంటారు. మలయ్‌లో ఉన్నాను అని. వరస చివర బట్టలారేసే కిటికీ ఉంది. 2023 సెప్టెంబరులో ఒక సాయంత్రం, వాన వెలిసి నడవంతా తడి బట్టల వాసన వేస్తున్నప్పుడు, ఆమె ఆఖరి పేరు చదివారు. విజయరాణి. "అడా" అంది విజయరాణి. ఆమె పుస్తకం మూశారు.

"అడా."

ఇంకోసారి వినబడింది. విజయరాణికి అవతల, కిటికీ దగ్గర నుంచి. అక్కడ ఎవరూ లేరు. ఆరేసిన దుప్పటి ఒకటి కదలకుండా వేలాడుతోంది. భయపెట్టే గొంతు కాదది. పేరు పిలిస్తే పలికే పిల్ల గొంతే, తొందర లేకుండా, మామూలుగా. ఎవరో వెక్కిరిస్తున్నారనుకుని రత్నావతి గారు తలెత్తారు. విజయరాణి మెడ కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. ఆ పిల్ల కిటికీ వైపు తల తిప్పడం లేదు. వరసలో ఏ పిల్లా పక్కపిల్లను చూడడం లేదు.

అప్పుడు నోరు తెరిచింది నంతిని. రేవులో లారీ తోలే గోపాలసామి గారి కూతురు. డాక్టరు కావాలని ఫౌండేషన్ కోర్సులో చేరిన పిల్ల.

"అప్పా, ఇప్పుడు ఎవరి పేరు పిలిచినారు?"

రత్నావతి గారు ఏదో ఒకటి చెప్పి సర్దేయవచ్చు. ఆమెకు అది చేతకాలేదు.

"ఎవరి పేరూ పిలవలేదమ్మా."

ఆ మాటతో విజయరాణి కేక పెట్టింది. ఆ కేక వరసంతా పాకింది, కింది అంతస్తులకు దిగింది. పిల్లలు గోడలకు ఒరిగి పడిపోయారు. పిడికిళ్లు విప్పితే విడలేదు. ఈ దేశంలో బడులకూ హాస్టళ్లకూ ఇది కొత్త కాదు. హిస్టీరియా అని పేపరులో రెండు వాక్యాలు వేస్తారు, అయిపోతుంది. మన దగ్గర అలా అయిపోలేదు.

కళాశాలకు సెలవులిచ్చారు. శుక్రవారం మసీదు నుంచి ఉస్తాజ్‌ను, అంటే మత గురువును, పిలిచి ప్రార్థన చేయించారు. శనివారం పూజారి వచ్చి నిమ్మకాయలు కోసి, కిటికీకి వేపమండలు కట్టాడు. ఆదివారం పాస్టరు గారు నడవ పొడుగునా నడుస్తూ చదివారు. కారు పంపి మరీ పిలిపించారు. గొంతు వెళ్లిపోవాలని ముగ్గురినీ వేడుకున్నారు. సోమవారం పొద్దున్నే క్రమశిక్షణ సంఘం కూర్చుని, గొంతన్నదే లేదు, నంతిని అబద్ధమాడి పుకారు లేపింది అని తేల్చింది.

ఆ గదికి రత్నావతి గారు ఎవరూ పిలవకుండానే వెళ్లారు. సంఘం అధ్యక్షులు, మన ఉప ప్రధానాచార్యులు కిశోర్‌కుమార్ గారు.

"ఆ పిల్ల ఒక్కత్తే కాదు సార్. నేనూ ఇన్నాను. రాసుకోండి."

"అప్పా, మీరు టయర్డ్ అయిపోయినారు లా. పోయి పడుకోండి" అన్నారాయన, ఇక్కడందరిలాగే మాట చివర మలయ్ "లా" తగిలించి.

"పడుకుంటాను. ముందు రాయండి."

"లేని గొంతు ఇన్నారని ఎలా రాసేది?"

"లేనిదానికి ముగ్గురు సాముల్ని ఎందుకు పిలిపించినారు?"

"అది పిల్లల ధైర్యానికి."

"పిల్ల అబద్ధమాడితే ధైర్యం ఎందుకు సార్? రెండు బెత్తం దెబ్బలు సాలు గదా!"

కిశోర్‌కుమార్ గారు నవ్వారు. నవ్వి, నీళ్లు తాగి, ఆమె వెళ్లాక రాయించారు: వదంతి వ్యాపింపజేసి వసతిగృహ ప్రశాంతతను భంగపరచినందుకు నంతినికి తీవ్ర హెచ్చరిక. ఆ రాతలో రత్నావతి గారు గదిలోకి వచ్చినట్టే లేదు. మాట్లాడినట్టే లేదు. ఎంత విచిత్రం! కిటికీ దగ్గర లేని పిల్ల పలికింది; గదిలో ఉన్న మనిషి పలకలేదు.

గొంతు ఆగిందా? ఆగలేదు. మరుసటి వారం నుంచీ ప్రతి సాయంత్రం, ఆఖరి పేరు తర్వాత, అది పలుకుతూనే ఉంది. తేడా ఒక్కటే. ఇప్పుడెవరూ కేక పెట్టరు. వరస చివర ఒక మనిషి నిలబడేంత చోటు వదిలేస్తారు, ఎవరూ చెప్పకుండానే. "అడా" వినబడుతుంది. రెప్ప వేయకుండా వింటారు. చెదిరిపోతారు. అందరూ మెడిసిన్, ఫార్మసీ, డెంటల్ అంటూ వచ్చిన పిల్లలే. నంతినికి పడిన మచ్చ తమకు పడకూడదు. పోయినేడు మోహనప్రియ అనే పిల్లకు స్నానాల గదిలో వేడినీళ్ల హీటరు షాకు కొట్టింది. చెబితే పుకారంటారని నోరు మూసుకుంది. ఆ తర్వాత స్నానానికి వెళ్లిన పిల్ల చెయ్యి కాలింది. మీ హెచ్చరిక నేర్పిన చదువు ఇది.

ఒక సాయంత్రం పిల్లలు గదుల్లోకి వెళ్లాక రత్నావతి గారు నడవలో ఒంటరిగా నిలబడిపోయారు. ఇంతమంది పిల్లల్ని సాకిన చేతులు ఊరుకోవు కదా. ఆ ఖాళీ చోటుకేసి చూసి, జ్వరం పిల్లను అడిగినట్టు అడిగారు:

"నీ పేరేటమ్మా? నా కాడ నీ పేరు లేదు. సెప్పితే నీ పేరూ పిలుస్తాను."

మర్నాడు సాయంత్రం ఆఖరి పేరు తర్వాత "అడా" అన్న గొంతు కిటికీ దగ్గర నుంచి రాలేదు. ఆమె భుజం పక్క నుంచి వచ్చింది. రత్నావతి గారు పుస్తకం కింద పడేయలేదు. "సరే" అన్నారట. ఈ సంగతి ఆమె నవ్వుతూ చెబుతారు, వినేవాళ్లే నవ్వరు.

ఇక నంతిని. మార్కుల్లో ఆ పిల్లకు వంక పెట్టే చోటు లేదు. కానీ వైద్య కళాశాల దరఖాస్తు మార్కులతో ఆగదు. ఎప్పుడైనా క్రమశిక్షణ చర్యకు గురయ్యారా అని అడుగుతుంది. లేదని రాయమని స్నేహితులు చెప్పారు. నంతిని ఉందనే రాసింది. ఆలస్యంగా వచ్చినా, సిగరెట్టు కాల్చినా, తప్పు తెలుసుకున్నానంటే చాలాచోట్ల వదిలేస్తారు, కుర్రతనం అంటారు. నిజాయితీ మీద పడిన మచ్చను మాత్రం వదలరు. రోగి ప్రాణం చేతిలో పెట్టేవాళ్లు కదా, వాళ్లనూ తప్పు పట్టలేం. మీరు రాసింది సరిగ్గా ఆ మచ్చే. మొదటి ఏడు పిలుపే రాలేదు. ఈ ఏడు వచ్చింది.

ఇంటర్వ్యూకు రత్నావతి గారు సెలవు పెట్టి వెంట వెళ్లారు. నంతిని లోపలికి వెళ్లింది. ఆమె బయట బల్ల మీద కూర్చున్నారు. తిరుగుదారిలో బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో టీ తాగుతూ పిల్ల చెప్పింది.

"ముందు బాగానే అడిగినారప్పా. తర్వాత ఆ కాగితం తీసినారు. ఇప్పుడు కూడా ఆ గొంతు ఇనబడతాదా అని అడిగినారు."

"ఏటన్నావు?"

"హాస్టలు వదిలేసినాను సార్, ఇక్కడ మీ గొంతులే ఇనబడతన్నాయి అన్నాను."

రత్నావతి గారికి పొలమారింది. "నవ్వినారా?"

"లేదు. రాసుకున్నారు. అయితే అప్పుడు సెప్పింది అబద్ధమా అన్నారు. కాదన్నాను."

"మరేటి?"

"మరేటీ లేదు. గడియారం సూసినారు."

వారం తిరక్కుండా వైద్య కళాశాల నుంచి వర్తమానం వచ్చింది. అసలు జరిగింది ఏమిటో కళాశాల ఈ నెలాఖరులోగా రాసి పంపితే సీటు సంగతి చూస్తారు. లేకుంటే దరఖాస్తు మూసేస్తారు. గోపాలసామి గారు లారీ దిగి, నూనె చేతులతోనే కిశోర్‌కుమార్ గారి గుమ్మం ఎక్కారు. ఆయన దయ చూపారు. ఆ దయ ఏమిటో వినండి: సరదాకి పుకారు లేపాను, క్షమించండి అని నంతిని సంతకం పెడితే, పిల్ల మారింది, మంచిది అని తాను రాసి ఇస్తారట. మన విద్యార్థుల సలహాదారు గుణవతి గారు పిల్లను పక్కకు తీసుకెళ్లారు.

"పెట్టేయ్ లా. ఒక్క సంతకం. డాక్టరయ్యాక ఎవరు అడగబోతారు?"

నంతిని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు వసతిగృహానికి వచ్చి రత్నావతి గారి ముందు కూర్చుంది.

"అప్పా, పెట్టమంటారా?"

పెట్టు అంటే సీటు వస్తుంది. వద్దు అంటే, తన మాట మీద ఒక పిల్ల బతుకు పోవచ్చు. తండ్రి ఆశ ఆమెకు తెలుసు. ఆ లారీ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో తెలుసు. సంతకం పెట్టే చెయ్యి పిల్లది. రేపు రోగి గుండె మీద గొట్టం పెట్టి వినేదీ ఆ పిల్లే. పక్కనున్న పెద్ద డాక్టరు, ఏమీ లేదు, వినబడలేదని రాయి అంటే?

"నువ్వు పెట్టకు" అన్నారు చివరికి. "పెట్టాల్సినోల్లు ఏరే ఉన్నారు. నేను పోతాను."

రెండోసారి వెళ్లారు. కిశోర్‌కుమార్ గారు కుర్చీ వేయించారు.

"ఎందుకప్పా మీకు? పోయే ముందు గొడవలెందుకు, గౌరవంగా పోండి."

"గౌరవం మీ కాడ ఉంచుకోండి సార్. నేను ఇన్నది రాయండి."

"సూద్దాం."

ఆ చూద్దాం ఇంకా చూద్దాంగానే ఉంది. పోయిన వారం కొత్త పర్యవేక్షకురాలు వసంతి గారు చేరారు. తాళాలు అప్పగిస్తూ, హాజరు ఎలా తీయాలో చెబుతూ రత్నావతి గారు ఒక్కటే మాట కలిపారు.

"ఆఖరి పేరు అయినాక కాసేపు ఆగు."

"ఎందుకప్పా?"

"ఆగు, అంతే. ఆగకపోతే రెండుసార్లు పలుకుతాది."

ఆ సాయంత్రం వసంతి గారు హాజరు తీసి మెట్లు దిగి వచ్చారు. ముఖాన నెత్తురు చుక్క లేదు. ఎలా జరిగిందని అడిగితే, అందరూ ఉన్నారన్నారు. ఆమె కూడా దాచడం నేర్చేసుకున్నారు. రత్నావతి గారు వెళ్లిపోతే, విన్నానని నోరు తెరిచి చెప్పే మనిషి ఆ భవనంలో ఒక్కరూ మిగలరు.

మాన్యురాలైన రత్నావతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో, ఎవరికీ లెక్క అప్పగించనక్కరలేని సాయంత్రాలతో చిరకాలం జీవించాలనీ, ఆమె సాకిన పిల్లలు ఆమెను చూడడానికి క్యూ కట్టాలనీ మనసారా కోరుకుంటున్నాం. కోరికలతో ఆమెకు నిద్ర పట్టదు. కాబట్టి ఇది కోరిక కాదు. సంఘం ఎల్లుండే కూర్చోవాలి. నంతిని మీద రాసిన తీర్పు కొట్టేయాలి. రత్నావతి గారు రెండుసార్లు చెప్పిన మాట, ముగ్గురు పూజలు చేసిన సంగతితో సహా, ఉన్నది ఉన్నట్టు రాసి గడువు తీరే ఈ శుక్రవారం పొద్దు గుంకకముందే వైద్య కళాశాలకు చేర్చాలి. గుమాస్తా చేత కాదు, నంతిని చేత కాదు. కింద సంతకం కిశోర్‌కుమార్ గారే పెట్టాలి.