ఇరవై ఒకటో సంతకం

కంపెనీ అధిపతుల సంఘం అధ్యక్షుడు మంత్రిగారి గది బయట బెంచీ మీద వినతిపత్రం పట్టుకుని కూర్చున్నాడు. అందరి సంతకాలూ ఉంటే తప్ప ఆ సంఘం ఏ కాగితాన్నీ ప్రభుత్వానికి ఇవ్వదు. తనదితో కలిపి ఇరవై ఉన్నాయి. మిగిలింది పక్కన కూర్చున్న అన్న కూతురిది. అందరిలాగే ఆమెదీ అద్దకం మిల్లే.

“పెట్టమ్మా. మురుగునీటి శుద్ధికి రెండేళ్లు గడువు అడుగుతున్నాం, అంతే.”

“పోయినసారీ అంతే అన్నావు బాబాయ్. నమ్మి పెట్టాను. నువ్వు గుంట కూడా తవ్వలేదు.”

“నీకేం తల్లీ, యంత్రం పెట్టేసుకున్నావు. మా పాట్లు నీకేం తెలుసు?”

“తెలుసు. చిన్న మిల్లులకు చోటు లేదు. మరి ఆ చోటే అడుగు. అందరికీ కలిపి ఒకే శుద్ధి కేంద్రం కడదాం. నడపడానికి మా ఇంజినీరును పంపిస్తాను.”

“ఇంతమంది సంతకం పెట్టాక ఇప్పుడు నా పరువు తీస్తావా?”

“మన కాలవ రోజుకో రంగులో పారుతోంది. కింది ఊరివాళ్లు ఆ నీళ్లే వాడుకుంటున్నారు. ఇంకా పరువెక్కడుంది?”

నలభై ఏళ్లుగా బేరాలాడుతున్న మనిషి ఆయన. దిగివచ్చే మొహమేదో, దిగనిదేదో చూడగానే చెప్పగలడు. ఆమె మొహంకేసి ఒకసారి చూసి అడిగాడు.

“మనల్ని ఎప్పుడు పిలుస్తారు?”

“ఇంకో అరగంటకి.”

ఆయన ఫోను తీశాడు.

“బావా, ఆ కాగితం చించేస్తున్నాను. గడువు వద్దు, చోటు అడుగుదాం. తిట్టేదేదో త్వరగా తిట్టి ఊ అను. ఇంకా పద్దెనిమిది మందికి చెయ్యాలి.”