జానమ్మ వేరే పళ్లెం

షాద్‌నగర్‌లో ఆదివారం పొద్దున. వంటింటి గడపలో ల్యాప్‌టాప్‌తో కూతురు కోమల. పొయ్యి దగ్గర తల్లి జానమ్మ. వాకిట్లో మిగతా ఇల్లంతా.

"నీ పళ్లెం నీకే, నీ గ్లాసు నీకే. రెండు నెలలసంది చూస్తున్న. ఎవరి మీద అలిగినవమ్మా?"

"అలక లేదు, ఏం లేదు. కడుగుడు తేలిక."

"నాయినేమో తన మీద అనుకుంటుండు. భాగ్యశ్రీ వదినేమో తన మీదనని ఏడుస్తాంది. నిన్న వదిన కొడుకును, ఆ చిన్నోణ్ణి గూడ పక్కల పండనియ్యకపోతివి."

"వాడు తంతడు. నువ్వు నీ చదువు చూసుకో."

"చదువే ఇది. బ్రిటిషోళ్ల దవాఖానల మీద రాస్తున్న గద. అప్పటి డాక్టర్ల రిపోర్టులన్ని లండన్ల స్కాన్ చేసి నెట్ల పెట్టిండ్రు. ఇప్పటి పేరుతోని ఎంత వెతికినా ఒక్కటి రాలె. కుష్ఠురోగులకు అప్పట్ల పెట్టిన మొరటు పేరు కొడితే, కుప్పలు పడ్డయి."

"ఇంట్ల ఆ మాట అనకు. మూసెయ్ దాన్ని."

"సరే, మూస్తున్న."

"ఆగు. రోగం ఎట్ల మొదలైతదని రాసిండ్రు?"

"ఒక మచ్చ. దురద ఉండదు, నొప్పి ఉండదు. గిల్లినా తెల్వదు."

"పిల్లలను ఏం చేసేటోళ్లు?"

"తల్లి నుంచి తీసి వేరే ఇంట్ల పెట్టేటోళ్లు."

"తల్లి ఒప్పుకునేదా?"

"ఒకామె ఒప్పుకోక రోగం దాసిందట. ఇంగ్లండు డాక్టరమ్మ ఇంటికి పోయేసరికి, కాలే కుండ ఒట్టి చేతుల్తోని దించి, అట్లనే పట్టుకోని మాట్లాడుతుందట. దాంతోని దొరికిపోయింది. అమ్మా..."

"ఏంది?"

"మసిబట్ట ఏది?"

"తొందర్ల మర్శిన."

"ఆ చాయ్ గిన్నె కింద పెట్టు."

"పెడుతున్న."

"కింద పెట్టమ్మా. చెయ్యి చూపియ్."

"దగ్గరికి రాకు. రాకన్న గద."

"తోలు ఊడొస్తాంది. నీకు తెలుస్తలేదా?"

"ఆ డాక్టరమ్మ మందు రాయలేదా?"

"అప్పుడు సరైన మందు లేకుండె. ఇప్పుడుంది. గోలీలు. సర్కారు దవాఖానల ఉత్తగనే ఇస్తరు, తగ్గిపోతది. పళ్లెంతోని అంటదు. ఇంట్లకెళ్లి ఎవ్వరిని పంపరు."

"చిన్నోళ్లను గుంజుకపోరు గద?"

"పోరమ్మా. మన ఇంట్ల చిన్నోణ్ణెందుకు..."

"నిజం చెప్పు."

"నిజమే."

"మరి నా కొంగు గట్టిగ పట్టుకున్నవేంది బిడ్డా?"

"భయమైతాంది."

"నాకు రెండు నెలలసంది అయితాంది. పో, మీ నాయినను పిలువు. జానీ అన్నను, వదినను గూడ."

"ఏందే జానమ్మ? చాయ్ ఇంక కాలేదా?"

"కూసోవయ్యా. జానీ, కోడలా, మీరు గూడ ఇనుండ్రి. నేను రేపు సర్కారు దవాఖానకు పోతున్న. మీరందరు నాతోని రావాలె."

"నీకేమైందే?"

"నాది తర్వాత. ముందుగాల చిన్నోణ్ణి చూపియ్యాలె. పొద్దున కోడలు తానం పోస్తుంటే వాని వీపు మీద మచ్చ కనవడ్డది. దగ్గరికి పోయి గట్టిగ గిల్లిన. వాడు నీళ్లల్ల ఆడుకుంటనే ఉన్నడు."