శకునానికి మాత్రం

కంకిపాడులో ఆ ఇంటి గేటు దగ్గర, కొత్త బకెట్టూ తాళ్ల చుట్టా బండికి కట్టుకుని భర్త నిలబడ్డాడు. భార్య వసారా దిగలేదు.

"కాస్త ఎదురు రావే. ఇవాళే బోణీ పని."

"గవర్నర్‌పేటలో జీతమొచ్చే ఉద్యోగం మానేశారని నిన్న మీ అమ్మగారు చెబితే తెలిసింది నాకు. శకునానికి మాత్రం గుర్తొచ్చానా?"

"చెబితే వద్దంటావని..."

"అంటాను కాబట్టే అడగాలండీ."

"బెజవాడంతా అద్దాల మేడలే లేస్తున్నాయి. వాటిని తుడిచే మనుషులే లేరు. ఎన్నాళ్లని ఒకడి కింద పడుండను?"

"అందుకని ఐదో అంతస్తు నుంచి వేలాడతారా? నీళ్ల ట్యాంకు చూడమంటే సగం నిచ్చెనకే కళ్లు తిరిగి దిగొచ్చిన మనిషి!"

"బెల్టు ఉంటుందిలే."

"నేను రానంటే వెళ్లడం మానేస్తారా?"

"ఎలా మానను? మాటిచ్చేశాను."

"మరి నేనెందుకు?"

"నువ్వు ఎదురొస్తే నాకు ధైర్యం."

ఈ ఇంట్లో తన మాట చెల్లదు గాని, ముత్తైదువ ముఖం చెల్లుతుందని ఆమెకు స్పష్టంగా అర్థమైంది. రాకపోతే, రేపు ఏం జరిగినా దానికి కారణం తానే అవుతుంది.

బిందె నిండా నీళ్లు పట్టుకుని సందు చివరిదాకా నడిచింది. వెనుదిరిగి, అతనికి ఎదురుగా రాసాగింది.

"కొంచెం నవ్వవే," అన్నాడతను బండి స్టార్ట్ చేస్తూ.

ఆమె నవ్వింది. బండికి కట్టిన తాళ్ల ముడిని అతను మూడోసారి లాగి చూసుకోవడం అప్పుడే చూసింది. అయినా, అతను సందు మలుపు తిరిగేదాకా ఆ నవ్వు చెదరనివ్వలేదు.