ఎదురింటి నిద్రకొట్టు

ఎవరి గురించీ? మీ చిన్నతాత గురించా? ఆహా! సంచుల కొట్టు పెట్టబోతూ, జన్మంతా కొట్లోనే గడిపిన నన్ను ఎదురుగా పెట్టుకుని, పోయినవాడి గురించి అడుగుతావా? అడుగు తల్లీ, అడుగు. అందరూ అంతే. ఆ కుర్చీ ఇలా లాక్కో, ఈ చెవి వైపుకి. మీ చిన్నతాత, అంటే మీ అమ్మమ్మ చెల్లెలి మొగుడు, నాకు తోడల్లుడు. ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం. అంటే నేను చదివాను, వాడు నా వెనక బెంచీలో కూర్చుని పాసయ్యాడు. ఒకే వీధిలో ఎదురెదురుగా కొట్లు పెట్టాం. రెంటిలోనూ ఒకటే సరుకు. పరుపులు, దుప్పట్లు, కర్టెన్లు, దిండ్లు. నేను తివాచీలు తెస్తే నాలుగు రోజులు తిరక్కుండా వాడూ తెచ్చేవాడు. అప్పట్లో వాడంటే నాకెంత ప్రేమో! ఇద్దరికీ బేరాల్లేవు మరి. ఎవరి మెట్ల మీద వాళ్ళం కూర్చుని, ఒకరినొకరు చూసుకుని ఆవలించేవాళ్ళం. "అన్నయ్యా, అసలు మనం కొట్టెందుకు పెట్టామంటావ్?" అనేవాడు. "బతకడానికి" అంటే, "అది మనకి. వచ్చేవాళ్ళకెందుకూ?" అనేవాడు. వట్టి నసగాడు.

ఒకరోజు బస్సు డ్రైవరొకడు వాడి దగ్గరికి దుప్పటి కోసం వచ్చాడు. మెడ పట్టేసి తల ఒక పక్కకే తిరుగుతోంది. వీడు అటక మీంచి దుప్పటి దించేలోగా, బల్ల మీదున్న దిండుకి తల ఆనించి నిద్రపోయాడు. గురక మా కొట్లోకి వినపడింది! మనమైతే లేపుతాం. వీడు లేపలేదు. కర్టెన్ల కోసం వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపి, నోటి మీద వేలు పెట్టుకుని, "తర్వాత రండమ్మా" అని పంపేశాడు. వాళ్ళు తిన్నగా నా కొట్టుకే వచ్చారు, అది వేరే సంగతి. "ఏమోయ్, కొట్టు పెట్టావా, సత్రం పెట్టావా?" అని అరిచాను. నాకూ ఆ వేలే చూపించాడు! ఆ డ్రైవరు లేచి మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, దిండుకి డబ్బిచ్చి, దాన్ని చంకలో పెట్టుకుని పోయాడు. దుప్పటి ఊసే ఎత్తలేదు. సాయంత్రానికి వీడు నా దగ్గరికొచ్చి, "అన్నయ్యా, నా సరుకంతా నువ్వే తీసుకో. నేనిక దిండ్లే చేస్తాను" అన్నాడు. "ఉత్త దిండ్లతో సంసారం నడుస్తుందటయ్యా?" "తెలీదు. కానీ పొద్దున్న తలుపు తీసి ఏం చెయ్యాలో ఇప్పుడు తెలిసింది." నేను నవ్వాపుకుని సరుకు తెచ్చేసుకున్నాను. ఇక వీధంతా నాదే అనుకున్నాను.

ఇక చూడు వాడి వేషాలు! వచ్చినవాళ్ళని బల్ల మీద పడుకోబెట్టడం, తల కింద దిండు పెట్టడం, పిడికెడు దూది తియ్యడం, మళ్ళీ కూరడం. బేరం మాటెత్తడు. వాళ్ళ భుజాలు ఎప్పుడు వదులవుతాయా అని చూస్తూ కూర్చునేవాడు. అవగానే కుట్టేసేవాడు. మొగుడూ పెళ్ళాం వస్తే ఇద్దరికీ ఒకేలాంటిది ఇవ్వడు. "ఆయన తల వేరు, మీ తల వేరమ్మా" అనేవాడు. జనమే నిద్రకొట్టు అని పేరు పెట్టేశారు. ఊరికి కొత్తవాళ్ళు నా గుమ్మంలో నిలబడి, "నిద్రకొట్టు ఎక్కడండీ?" అని నన్నే అడిగేవాళ్ళు! ఏం చేస్తాను? వేలు చూపించేవాణ్ణి. నేనూ ఊరుకోలేదులే. వాడిది బల్లైతే నేను మంచమే వేయించాను. ఒకాయన పడుకున్నాడు. "మెత్తగా ఉందాండీ? ఇంకో రకం చూస్తారా? జతగా దుప్పటి తియ్యమంటారా?" అని మర్యాదగానే అడిగాను. లేచి కూర్చుని, "ఎదురుగా ఏదో కొట్టుందట కదా" అన్నాడు! మర్యాదకి రోజులు కావు.

అసలు మంట అది కాదు. మీ అమ్మమ్మకి ఏళ్ళ తరబడి సరిగ్గా నిద్ర లేదు. ఒక మధ్యాహ్నం ఇంటికి అన్నానికి వెళ్తే, ఆవిడ తల కింద కొత్త దిండు. "ఎక్కడిదే?" "మరిదిగారు కుట్టిచ్చారు." "మన కొట్లో దిండ్లు లేవా?" "ఎందుకు లేవూ, బోలెడున్నాయి" అని అటు తిరిగింది. తిరగడమే, నిద్రపోయింది! నేను కంచం ముందు కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు వాడి కొట్టున్న గదిలో ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అయినా మా వీధి మలుపుని ఇప్పటికీ నిద్రకొట్టు మలుపనే అంటారు. వాడు పోయి ఎన్నేళ్ళైందనీ!

అందుకని నా మాట విను. సంచులతో పాటు బెల్టులూ, బొమ్మలూ, గొడుగులూ అన్నీ పెట్టు. ఏమిటా నవ్వు? నువ్వూ వాడిలాగే ఒక్కటే చేస్తావా? నీ ఇష్టం. నా కొట్టు మాత్రం తక్కువదా? మూడు రంగుల బోర్డు, చుట్టూ లైట్లు. ఏదీ, నా కొట్టు పేరేమిటో చెప్పు చూద్దాం. ఊఁ? చిన్నప్పుడు అక్కడే ఆడుకునేదానివి కదా. ఆలోచించు, తొందరేం లేదు.

ఆ కిటికీ రెక్క కాస్త మూసెయ్యి. ఎండ కళ్ళల్లో పడుతోంది.